సగం గాలి టైర్లు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను జీపులు కడిగే పని నుంచి హ్యాండోవర్‌కి మార్చారు. అరిజోనాలో ఎడారి అంచున ఓ చిన్న ఊరు మాది. మా ఆయన అక్కడి మోటెల్‌లో వంట చేసేవారు. నేను పనిచేసిన యార్డులో జీపులు రోజు అద్దెకిచ్చేవాళ్ళు, జనం సొంతంగా నడుపుకుంటూ ఇసుక దారుల్లో తిరిగొచ్చేవాళ్ళు. హ్యాండోవర్ అంటే కస్టమర్‌తో బండి చుట్టూ తిరిగి, ఉన్న గీతలూ సొట్టలూ చూపించి, దారి చెప్పి, తాళం చేతికివ్వడం. ఏడో తరగతితో చదువాపేసినదాన్ని. నాకది ప్రమోషనే.

ఆ వారంలోనే ప్లేనో అనే ఊరి నుంచి ఓ తెలుగు కుటుంబం వచ్చింది. కిరణ్, అతని భార్య మౌనిక, ఐదేళ్ళ పాప ఇషా. నేను కొత్త కాబట్టి యార్డు ఓనర్ డెరిక్ కూడా పక్కనే ఉన్నాడు. ఈ బండికి ఒక్క గీత కూడా లేదని అతనే చెప్పాడు. కిరణ్ ఫోన్‌తో వీడియో తీస్తూ బండి చుట్టూ తిరిగాడు. వెనక బంపర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని లైటు వేశాడు. అక్కడో సొట్ట, అప్పటికే తుప్పు పట్టి ఉంది. డెరిక్ నవ్వేసి, ఓ, అది పాతదేలే అన్నాడు.

కిరణ్ నన్ను పక్కకి పిలిచాడు. "ఆంటీ, మీరు మనవాళ్ళే కదా. నిజం చెప్పండి, వీళ్ళు స్కామర్సా?"

"సొట్ట సంగతి నేను కాగితంలో రాయించాను బాబూ. దాని గురించి మిమ్మల్ని ఎవరూ అడగరు" అన్నాను.

నేను స్టార్ట్ చేసి చూపించగానే డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగింది, టైర్లలో గాలి తక్కువని. కిరణ్ టైరుని బూటుకాలితో తన్ని చూశాడు. ఇసుకలోకి వెళ్ళే బండికి మేమే గాలి తగ్గిస్తాం. రోడ్డు మీద ఉండే గాలిలో సుమారు సగం ఉంచుతాం. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. గట్టి టైరు ఇసుకని తవ్వుకుంటూ లోపలికి దిగిపోతుంది. ఇదంతా తెలుగులోనే విడమరిచి చెప్పాను.

"ఇది కూడా పాతదేనా ఆంటీ?" అన్నాడు.

"ఆంటీ అంత వివరంగా చెప్తున్నారు కదా కిరణ్!" అంది మౌనిక.

"ఆంటీకి శాలరీ ఇచ్చేది ఎవరు మోనీ?"

కాగితాల మీద సంతకం పెట్టించుకున్నాను. తాళం ఇచ్చాను.

మలుపు దగ్గర గ్యాస్ స్టేషన్ మా యార్డులోకి కనిపిస్తుంది. జీపు అక్కడ గాలి మిషన్ పక్కన ఆగింది, కిరణ్ టైర్లు నింపుకుంటున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డెరిక్‌కి చెబితే, సంతకం పెట్టాడుగా, ఇక అతని ఇష్టం అన్నాడు. జీపులో ట్రాకర్ ఉంటుంది, కంప్యూటర్ మీద చుక్కలా కదులుతుంది. మధ్యాహ్నానికి ఆ చుక్క ఓ ఎండిన వాగులో ఆగిపోయింది. డెరిక్‌కి అనుమానం వచ్చింది. మేమిచ్చిన మ్యాప్‌లో లేని చోట బండిని ఎగరేసి ఆడుతున్నాడన్నాడు. తిరిగి రావలసిన టైము దాటేదాకా వెతకడానికి వెళ్ళకూడదన్నది యార్డు రూలు.

నాకు మనసు ఒప్పలేదు. యార్డులో పెట్టి వెళ్ళిన వాళ్ళ కారు దగ్గరికెళ్ళి అద్దంలోంచి చూశాను. వెనక సీట్లో నీళ్ళ బాటిళ్ళ కేసు, కవర్ కూడా విప్పకుండా అలాగే ఉంది. వీడియోల హడావిడిలో జీపులోకి మార్చుకోవడం మరిచిపోయారు. డెరిక్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఈసారి వెంటనే తాళాలు తీసుకున్నాడు. యార్డులో ఉన్న నీళ్ళు బండిలో వేసుకుని ఇద్దరం బయల్దేరాం.

జీపు పొట్టదాకా కూరుకుపోయి ఉంది. కిరణ్ తిండి పెట్టుకునే కూలర్ డబ్బా మూతతో ఇసుక తోడుతున్నాడు. బండి నీడలో మౌనిక ఒడిలో పాప, మొహం ఎర్రగా కందిపోయింది.

"మామీ, నీలు కావాలి" అంటోంది.

డెరిక్ బండిని లాగే కొక్కెం బయటికి తీయగానే కిరణ్ ఫోన్ పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "డోంట్ టచ్ ద వెహికల్! ఆంటీ, ముందు అడగండి అతన్ని, లాగినందుకు మా మీద ఎంత ఛార్జి వేస్తాడో."

నేను నీళ్ళ బాటిల్ ఇస్తే దాని మూత తిప్పి చూశాడు, సీలు ఉందా లేదా అని.

మౌనిక అతని చేతిలోంచి బాటిల్ లాక్కుంది. పాపకి పట్టించి లేచి నిలబడింది. "ఆంటీ, గాలి తీసేయండి. ఇతను వీడియో తీసుకుంటాడు, తీసుకోనీయండి."

నాలుగు టైర్లకీ గాలి వదిలాను. చక్రాల ముందు ఇసుక చదును చేశాం. స్టీరింగ్ దగ్గర మౌనికే కూర్చుంది. మెల్లగా తొక్కమ్మా, ఆపొద్దు అని చెప్పాను. డెరిక్ వెనక నుంచి నెట్టాడు. కాసేపు ఊగి, జీపు పైకొచ్చేసింది. కొక్కెంతో పని పడలేదు. అప్పుడు కిరణ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పాప దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

యార్డుకి చేరాక డెరిక్ లైటు పట్టుకుని జీపు చుట్టూ తిరిగాడు. కిరణ్ మళ్ళీ ఫోన్ తీసి అతని వెంట నడిచాడు. ఒకరి మీద ఒకరికి నమ్మకం అప్పటికీ కుదరలేదు. కుదరాలని నేనూ అనుకోలేదు.

అనుమానపడే కస్టమర్ మీద విసుక్కోవడం దండగని ఆ రోజు తెలిసింది. ఆ అనుమానం అతనికి మేమే ఇచ్చాం. సొట్ట దగ్గర అబద్ధం చెప్పినవాళ్ళు గాలి దగ్గర నిజం చెప్పినా ఎవరూ వినరు. రిటైరయ్యేదాకా నేను ఏ బండికీ గీత లేదని చెప్పలేదు, చూసుకోమన్నాను. తాళం ఇచ్చేముందు వాళ్ళ సొంత కారు తలుపు తీయించి, నీళ్ళు జీపులోకి మారేదాకా పక్కనే నిలబడ్డాను.