మా తోడికోడలి పొట్ట ఆపరేషన్

మా తోడికోడలు బెంగుళూరులో పొట్ట ఆపరేషన్ చేయించుకుని, కోలుకోవడానికి బెళుగుప్పలో మా ఇంట్లో దిగింది. జబ్బేమీ లేదు. కవలలను కన్నాక వేలాడిపోయిన పొట్ట తోలును కత్తిరించి, మిగిలింది లాగి కుట్టారట. ఊళ్లో మాత్రం గర్భసంచి ఆపరేషన్ అని చెప్పాం. సన్నబడడానికి పొట్ట కోయించుకునే మనిషి ఉంటుందంటే, సెల్‌ఫోన్లు కూడా సరిగ్గా రాని ఆ రోజుల్లో మావాళ్లు ఎవరు నమ్ముతారు?

నాకు కుళ్లు. దాచడమెందుకు, ఒళ్లంతా కుళ్లే. నేనూ ముగ్గురిని కన్నాను. నా పొట్టా మడతలు పడి కుచ్చిళ్ల మీదికి జారింది. దాన్ని కోయించుకోవచ్చని నాకెవరు చెప్పారు? మూడో కాన్పు నాటికి మా అమ్మ లేదు, అత్తగారింట్లోనే కన్నాను. పురిటి స్నానం అయిన మర్నాడే విత్తనానికి దాచిన వేరుశనగ కాయల మూట నా ముందు కుమ్మరించి, "కూకోని వొలిచే పనే గదమ్మీ" అన్న మహాతల్లి మా అత్త. ఇప్పుడు ఆ అత్తే చిన్నకోడలిని మంచం దిగనివ్వడం లేదు!

డాక్టరమ్మ ఏం చెప్పి పంపింది? నడుముకు బెల్టు తీయొద్దు, బరువులెత్తొద్దు, వంగి అయినా సరే రోజూ కాస్త కాస్త నడవాలి, నీళ్లు బాగా తాగాలి. మా అత్త చెవికెక్కింది మొదటి రెండే. కడుపు కోసిన ఆడది బాలింతే అని ఆమె లెక్క. చెవుల్లో దూది పెట్టింది, తలకు గుడ్డ కట్టింది, వెల్లుల్లి కారంతో అన్నం తినిపించింది. నీళ్లు మాత్రం గొంతు తడిసేంతే ఇచ్చేది.

"నీళ్లు తాగితే పొట్టొస్తాది పాపా. ఇంత నొప్పి పడి కోయిచ్చుకుంటివి, మళ్లా వస్తే ఏం చేస్తావు?"

పొట్ట వస్తుందనేసరికి ఆ పిల్ల హడలిపోయి గ్లాసు పక్కన పెట్టేసేది.

"డాక్టరమ్మ నడవమనింది గదత్తా" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"నీదంటే మొద్దు వొళ్లు. ఆ పాప కుట్లు పిగిలితే నువ్వొచ్చి కుడతావా?"

నాది మొద్దు ఒళ్లట! చూడండి మరి. ఆ తర్వాత నేను ఆ గదివైపు పోతే ఒట్టు.

ఒకరోజు పొద్దున్నే ఆ పిల్ల మూలుగుతుంటే పోక తప్పలేదు. ఎడమ పిక్క పొంగి, ఎర్రబడి ఉంది. చెయ్యి పెడితే వేడిగా తగిలింది.

"గుంజుతాండాదక్కా" అంది ఏడుపు గొంతుతో.

"పండుకోని పండుకోని పట్టుకున్యాది. పిసికితే దిగిపోతాది" అంటూ అత్త ఆముదం వెచ్చచేసి తెచ్చి, కోడలి కాళ్ల దగ్గర చతికిలబడింది.

అది చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. ఏనాడైనా నా కాళ్ల దగ్గర కూర్చుందా ఈమె? ఆమె చేతిలోని గిన్నె లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టాను.

"ముట్టద్దు! నావి కాళ్లు కావా? కాయలు వొలిచి వొలిచి నా నడుం పడిపోతే ఎప్పుడన్నా ఇంత వేన్నీళ్లు కాచి పోసినావా? ఈమెకు పిక్క పడితే ఆముదమా?"

అత్త శాపనార్థాలకు దిగింది. ఆ రభసకు, పెళ్లాన్ని చూసిపోదామని బెంగుళూరు నుంచి వచ్చిన మా మరిది పరుగెత్తుకొచ్చి ఆ కాలు చూశాడు. నడవాలో ఉన్న ఫోన్‌లో డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె అరుపు మా అందరికీ వినిపించింది. "పిసికారా? చెయ్యి వెయ్యొద్దు! కాల్లో రక్తం గడ్డకట్టి ఉంటుంది. పిసికితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి దక్కదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి."

అత్త రెండు చేతులూ చీరకు తుడుచుకుంటూ ఉండిపోయింది.

జీపులో పడుకోబెట్టి అనంతపురం తీసుకుపోయాం. దారి పొడుగునా ఆ పిల్ల గుండె ఎగసిపడడమే చూస్తూ కూర్చున్నాను. నా కుళ్లు ఎటు పోయిందో, దేవుడా దేవుడా అనుకుంటూనే ఉన్నాను. ఆసుపత్రిలో స్కాన్ తీస్తే గడ్డ ఉన్నమాట నిజమే. రక్తం పల్చబడే ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నీళ్లివ్వకుండా, కదలనివ్వకుండా మంచాన పడేసింది ఎవరని అక్కడి డాక్టరు మమ్మల్ని వాయించి వదిలాడు. అంత జరిగాక కూడా మా అత్త, చూడవచ్చిన వాళ్లందరికీ, "మా పెద్దకోడలికి ముందే తెలుసప్పా, అందుకే గిన్నె ఇసిరికొట్టె" అని చెప్పుకుంది.

ప్రాణగండం తప్పింది. కాలు వాపు తీసిన రోజు నేనొక్కదాన్నే పక్కన ఉన్నాను.

"నీకెట్ల తెలిసెనక్కా?"

"నాకేం తెలుసు? నీ మీద కుళ్లుతో ఇసిరినా."

నవ్వబోయి, కుట్లు లాగితే పొట్ట పట్టుకుంది. "నాకూ నీ మీద కుళ్లేనక్కా" అంది.

"నా మీదా? ఏముండాదని?"

"కాన్పయినకాణ్ణుంచి ఆయన నా పొట్ట చూసి మొగం తిప్పుకుంటాండాడు. అందుకే కోయిచ్చుకుంటి. ముగ్గురిని కన్న్యావు, బావ నిన్ను ఎప్పుడన్నా ఒక్క మాటన్నా అన్న్యాడా?"

"అనలేదు" అన్నాను.

అనాలంటే ముందు చూడాలి కదా. మూడో బిడ్డ పుట్టినప్పటినుంచి మా ఆయన నా వైపు చూసిందే లేదు. మొహం తిప్పుకోవడానికైనా ఆమె మొగుడు ఆమెను చూస్తున్నాడే అని, ఆ జబ్బు మంచం పక్కన కూర్చునే, నాకు మళ్లీ కడుపు మండిపోయింది.