నలుగురు పియెర్‌లు, రెండు గదులు

లెక్క కుదిరితే విషయమూ నిజమేనని గట్టిగా నమ్మిన వయసు నాది ఆ రోజుల్లో. సింగపూర్‌లో విదేశీ అతిథుల ఏర్పాట్లు చూసే ఒక ఆఫీసులో చేరాను. తొంభయ్యో రోజున ఉద్యోగం ఉంచేదీ ఊడగొట్టేదీ మా చైనీస్ మేడమ్ తేలుస్తుంది. (డైరీలో రోజుకొక గీత కొడుతూ వచ్చాను.) ఎనభయ్యో రోజున ఫ్రాన్సు నుంచి వచ్చే నలుగురు ప్రముఖుల జాబితా నా చేతికొచ్చింది: వంతెనల ఇంజనీరు, చిత్రకారుడు, పేరుమోసిన వంటమాస్టరు, వయొలిన్ విద్వాంసుడు. నాలుగు పేర్లూ 'పియెర్' అనే మొదలయ్యాయి. ముందుండేది ఇంటిపేరే కదా! ఒకే ఇంట్లో ఇంతమంది గొప్పవాళ్లా అని ఆ తల్లిని తలచుకుని మురిసిపోయాను. వయసులు చూస్తే ఇంజనీరుకు అరవై ఆరు, వయొలిన్ అతనికి ఇరవై తొమ్మిది. ముప్ఫై ఏడేళ్ల తేడా. అన్నదమ్ములంటే లెక్క కుదరలేదు. అందుకని అతన్ని తమ్ముళ్లలోంచి తీసేసి ఇంజనీరు కొడుకుగా రాసుకున్నాను. మావారికి చూపిస్తే, "ఇంకేం, తండ్రీకొడుకులకొకటి, అన్నదమ్ములకొకటి. సొంతవాళ్లకి నాలుగు గదులెందుకే?" అన్నారు. రెండే బుక్ చేశాను.

వాళ్లు దిగిన రోజున హోటల్లో ఇంజనీరుగారు తాళంచెవినీ, పక్కన వయొలిన్ పెట్టెతో నిలబడ్డవాణ్ణీ మార్చి మార్చి చూసి, "ఈ కుర్రవాడెవరు?" అని అడిగారు.

"మీ అబ్బాయే కదండీ!" అన్నాను, నాకొచ్చిన ఇంగ్లిషులో, మహా ధైర్యంగా.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఈ సంగతి మా ఆవిడకు తెలియదు" అన్నారు.

మర్నాడు, అంటే ఎనభై ఎనిమిదో రోజు, మేడమ్ పిలిచి, ఇక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి మొదలెట్టింది. "ఇంకో రెండు గదుల కోసం మూడు గంటలు ఫోన్లు చేశాను లా! పియెర్ ఇంటిపేరని ఎవరు చెప్పారు నీకు? వాళ్లలో పెట్టిన పేరే ముందొస్తుంది."

"మీకూ మాకూ ఇంటిపేరే కదా మేడమ్ ముందొచ్చేది." ఎలాగూ ఉద్యోగం పోయిందనుకుని మిగతాదీ చెప్పేశాను. "మీరు నన్ను పిలుస్తున్నది కూడా మా అత్తవారి ఇంటిపేరుతోనే."

మేడమ్ పెన్ను కింద పెట్టేసింది. "అయ్యో! మరి ఇన్నాళ్లూ పలికావేం?"

"మీరు మేడమ్ కదా మేడమ్."

కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. "సరే, తప్పు ఇద్దరిదీ. ఉద్యోగం ఖాయం. ఇకమీదట మనిషికొక గది. క్యాన్?" అంది. సింగపూర్‌లో 'సరేనా' అన్నా 'సరే' అన్నా ఆ ఒక్క మాటే.

"క్యాన్, మేడమ్."

ఆ తర్వాత కూడా ఆవిడ నన్ను ఇంటిపేరుతోనే పిలిచింది. (అలవాటైపోయిందట.) ఇప్పుడు మా పేట సెరంగూన్‌లో నేను చూపించుకునే క్లినిక్ నర్సులూ అంతే, ఇంటిపేరుతోనే పిలుస్తారు. మావారున్నన్నాళ్లూ ఆ పిలుపుకు ఇద్దరం ఒకేసారి లేచి, "నిన్నా? నన్నా?" అనుకునేవాళ్లం. ఇప్పుడు లేవవలసింది నేనొక్కదాన్నే. లెక్కలో అనుమానమేమీ లేదు. అయినా లేచేముందు పక్క కుర్చీ వైపు ఒకసారి చూసి, నవ్వుకుని, అప్పుడు లేస్తాను.