కోట రాయిని నేను చదివిన వైనం

డిగ్రీ మొదటి ఏడాదిలో నాకున్నంత తెలివి ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ లేదు. రాయచూరు కాలేజీలో హిస్టరీ చదువుతూ, నోట్సు పుస్తకం గుండెకు హత్తుకుని తిరిగే ఆ రోజుల్లో, చరిత్రలో జరిగినవన్నీ నాకు చెప్పే జరిగాయన్నట్టు ఉండేదాన్ని. ఒక్క సంగతి మాత్రం బయటికి పొక్కనిచ్చేదాన్ని కాదు. మాది తరతరాలుగా తెలుగిల్లే అయినా నాకు తెలుగు చదవడం రాదు. మా తాత నిజాం కాలంలో ఉర్దూ బడికి వెళ్లాడు, నేను కన్నడ బడికి వెళ్లాను. (తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లే, కాస్త కష్టపడితే వచ్చేది. ఆ కాస్త కష్టం ఎవరు పడతారు?) తెలుగులో పెళ్లిపత్రిక వస్తే తాత నా చేతికిచ్చేవాడు. నేను చాటుగా ఎదురింటి టీచరమ్మ దగ్గర చదివించుకొచ్చి, ఆయన ముందు గడగడా అప్పజెప్పేదాన్ని.

తాతకు బజారులో తాళ్ల దుకాణం. మోకులు, పగ్గాలు, ఎద్దుల ముక్కుతాళ్లు. ట్రాక్టర్లు, నైలాను తాళ్లు వచ్చాక గిరాకీ పలచబడింది. పక్కదుకాణం ఆయన్ని మేం కుర్చీల శేఠ్ అనేవాళ్లం. "కాకా, ఇంక తాళ్లెవరు కొంటరు? ప్లాస్టిక్ కుర్చీలు పెట్టు" అని ఆయన రోజుకోసారి హితబోధ చేసేవాడు. తాత జవాబు ఎప్పుడూ కోట రాయే. మా కోట గోడలో బస్సు కంటే పొడుగైన రాయి ఒకటుంది. దాని మీద పాత తెలుగు శాసనం, దగ్గరే ఆ రాయిని బండి మీద లాక్కొస్తున్న దున్నపోతుల వరస చెక్కి ఉంటాయి. "దున్నపోతులు గుంజినయి, సరే. తాళ్లెవరిచ్చిండ్రు?" అనేవాడు తాత.

ఒక ఆదివారం పొద్దున నన్ను తీసుకెళ్లి ఆ రాయి ముందు నిలబెట్టాడు. "చిన్నప్పటి సంది చూస్తున్న బిడ్డా. ఏం రాసిండ్రో ఎవ్వరూ సాఫ్‌గ చెప్పలే. జర చదువు" అన్నాడు. రాదంటే అక్కడితో అయిపోయేది. నేను గొంతు సవరించుకుని, అక్షరాల వెంట గాల్లో వేలు తిప్పుతూ క్లాసు నోట్సు ఎత్తుకున్నాను. కాకతీయ రాణి, ఆమె మంత్రి, కోట కట్టించిన దొర. నోట్సు నాలుగు వాక్యాల్లో అయిపోయింది. రాయి అయిపోలేదు. ఇంకా బోలెడు అక్షరాలు మిగిలి ఉన్నాయి, తాత నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. ఈ రాయిని తేవడానికి మోకులు పేని ఇచ్చిన బజారువాళ్లకు మంత్రిగారు శాలువా కప్పి మర్యాద చేశారని చదివేశాను. (శాలువా ఎందుకు పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.) తాత కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరిగేసరికి దుకాణం మీద కన్నడంలో కొత్త బోర్డు లేచింది. కోట రాయికి మోకులిచ్చిన ఖానదాన్, అంటే వంశం, అని. కుర్చీల సలహాలు ఆగిపోయాయి. గిరాకీ పెరగలేదు గానీ తాత నడక మారింది. దగ్గర్లోని కల్మల ఊరి నుంచి పగ్గం కొనడానికి వచ్చిన రైతుకు పగ్గంతోపాటు కథ కూడా దక్కేది. తాత నోట్లో ఒక శాలువా రెండయింది, దసరా నాటికి వెండి కడియం చేరింది. నేనైతే నిజం చెప్పేద్దామని రోజూ దుకాణం మెట్లెక్కి, ఆయన మొహం చూసి, టీ తాగి తిరిగొచ్చేదాన్ని.

చలికాలంలో హైదరాబాదు నుంచి కోట చూడ్డానికి ఒక పెద్దాయన వచ్చాడు. జీవితమంతా శాసనాలు చదివి రిటైరైన మనిషి. బోర్డు చూసి ఆగి, "ఈ సంగతి శాసనంలో ఉన్నట్టు నాకు గుర్తు లేదే" అన్నాడు మర్యాదగా. తాత వెంటనే చెప్పులేసుకున్నాడు. శేఠ్‌తో సహా పది మంది వెంట నడిచారు. చదివిన పిల్లను చూపించడానికి నన్నూ పిలిపించాడు. ఆ సారు రాయి ఈ కొస నుంచి ఆ కొసదాకా నిదానంగా చదువుకుంటూ పోయాడు. నేను ఒక్కో అడుగే జనం వెనక్కి జరిగాను.

"తాళ్ల ముచ్చట యాడొస్తది సారూ?" అన్నాడు తాత.

"లేదండీ. ఎక్కడా లేదు."

అందరూ నా వైపు తిరిగారు. తాత మాత్రం తిరగలేదు. చెక్కిన దున్నపోతుల వైపు వేలు చూపించాడు. "ఇంత రాయిని తాళ్లు లేకుంటనే గుంజినయా?"

"తాళ్లు ఉండే ఉంటాయి. ఎవరిచ్చారో రాయలేదు."

"అంతే గద. మా పిల్ల వాళ్లు రాయనిది గూడ చదివింది" అని తాత నవ్వాడు. జనం కూడా నవ్వేశారు, శేఠ్ అందరికంటే గట్టిగా. నేను బతికిపోయాననుకున్నాను.

మధ్యాహ్నం తాత తానే నిచ్చెనెక్కి బోర్డు దించాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. కింద నిచ్చెన పట్టుకుని నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను, పెళ్లిపత్రికలతో సహా. ఆయన దిగి బోర్డును గోడకు ఆనించి, మెట్టు మీద కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పితివని గాదు బిడ్డా నా బాధ. నీకు గూడ రాదని చెప్పింటె ఇద్దరం గలిసి నేర్చుకుంటుంటిమి. ఇంట్ల నేనొక్కన్నే రానోన్ని అనుకోని ఇన్నేండ్లు సిగ్గుపడితి."

మర్నాడే టీచరమ్మ దగ్గర తెలుగు వాచకం తెచ్చుకున్నాం. ఆయన నాకంటే ముందు పూర్తి చేశాడు. రానిదాన్ని రాదని చెప్పి అడిగేవాడు కాబట్టి పని తొందరగా అయింది. నేను అన్నీ తెలిసినట్టు తలూపడం మానుకోవడానికే ఒక నెల పట్టింది. తాత స్టేషన్ రోడ్డులో తెలుగు సినిమా పోస్టర్లన్నీ పైకి చదువుతూ నడిచేవాడు, నాకు తల కొట్టేసినట్టుండేది. కోట రాయి అక్షరాలు మాత్రం ఇద్దరికీ చివరిదాకా కొరుకుడు పడలేదు.

తాత పోయి చాలా ఏళ్లయింది. అప్పుడు నేర్చుకున్న అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. రాయి ముందు గొంతు సవరించుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. పక్కన నిలబడ్డ మనిషికీ అదే సిగ్గు ఉందని ఆ పిల్లకు తెలియదు.