వీధి వైపు వేసిన పీట

నా చిన్నప్పుడు మా ఊళ్లో శ్రావణమాసం వచ్చిందంటే సప్తాహం మొదలయ్యేది. మాది బషీరాబాద్ అవతల, కన్నడం వినపడే సరిహద్దు ఊరు. గుడిలో ఏడు రోజులు రాత్రనక పగలనక భజన సాగాలి. వంతులవారీగా పాడేవాళ్లు మారుతారు గానీ వీణ, అంటే మెడలో వేసుకునే తంబుర, మాత్రం కింద పెట్టకూడదు. ఒకరి మెడలోంచి తీసి ఇంకొకరి మెడలో వేయాల్సిందే. వీణ నేలను తాకితే ఊరికి అరిష్టమని అందరికీ భయం. భజన మధ్యలో ఇంటి సంగతులు మాట్లాడినా తప్పే. మా తాత ఆ భజన మండలికి పెద్ద. ఇంట్లో అవ్వ పిలిస్తే పలకడానికి బద్ధకించే మనిషి, వీణ మెడలో పడితే పూటంతా నిలబడే ఉండేవాడు.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. భర్త పోయాడు, ఉన్నది ఒక్కతే కూతురు. ఆ అక్క తొలి కాన్పుకు ఆ వానల్లోనే పుట్టింటికి వచ్చింది. అక్కంటే నాకు ప్రాణం. నాకు జడ వేస్తూ, పేను దొరికినప్పుడల్లా "నీ నెత్తిల సంత నడుస్తున్నదే పిల్లా" అని నవ్వేది. పుట్టబోయేది ఆడపిల్లయితే దానికి జడ వేసే పని నాదేనని మాట కూడా ఇచ్చింది. ఆ మాట నమ్మి నేను జనపనారతో జడలు అల్లి అల్లి చెయ్యి కుదుర్చుకున్నాను.

సప్తాహం ఆఖరి రోజు పొద్దున పెద్దమ్మ గుడి మెట్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించి నిలబడింది. తుంపరకు కొంగు తడుస్తోంది. వీణ మా తాత మెడలోనే ఉంది. ఆమెను చూసి, ఎంత భక్తో అన్నట్టు కళ్లతోనే మెచ్చుకుని, ప్రసాదం ఇచ్చి రమ్మని నాకు సైగ చేశాడు. దోసెడు పుట్నాలు, చక్కెర తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె కళ్లకద్దుకుని కొంగున ముడి వేసుకుంది. లోపలికి చూసి, ఏదో అనబోయి, మానుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. మళ్లీ అలాగే నిలబడింది. ఈసారి మండలిలో ఒకాయన పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాడు, దగ్గరగా వచ్చి మొక్కుకోమని.

అక్కకు తెల్లవారినప్పటి నుంచే నొప్పులు. మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసి, తాండూరు ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. పెద్దమ్మకు బండి లేదు, ఎడ్లు లేవు, ఇంట్లో మగదిక్కు లేదు. ఊళ్లో మగవాళ్లంతా గుడిలో ఉన్నారు. ఆమె దండం పెట్టింది దేవుడికి కాదు, మాకు. భజన ఆగితే ఊరికి వచ్చే కీడంతా తన నెత్తిన వేస్తారని ఆ తల్లికి నోరు పెగల్లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఊళ్లో అసలు అడగడానికే భయపడేలా చేశాం.

గుడి వంటల దగ్గరి నుంచి ఇంటికి వెళ్లిన మా అవ్వ, అక్క అరుపులు విని, లోపలికి పోయి చూసి, ఒక్క పరుగున గుడికి తిరిగొచ్చింది. "ఏం భజనయ్యా మీది! పక్కింట్ల పిల్ల సావుబతుకుల మీదుంటె తాళాలు కొట్టుకుంట కూసున్నరా!" తాళాలు ఆగిపోయాయి. అందరూ తాత మెడలోని వీణ వైపు చూశారు. ఆయన పాట ఆపకుండానే మెట్లు దిగాడు. వీణ ఎటు పోతే భజన అటే పోవాలి, అందుకని అందరూ వెనకే కదిలారు. నల్లరేగడి బురదలో బండి నడవదని నులక మంచాన్నే భుజాలకెత్తుకున్నారు. మంచం పట్టెను గట్టిగా పట్టుకున్న అక్క చెయ్యి ఒక్కటే నాకు కనిపించింది. పెద్దమ్మ పక్కనే పరుగెత్తుతూ పోయింది.

ఊరి చివర నిలబడి ఆ పాట వింటూ ఉన్నాను. పాట వినపడుతున్నంతసేపూ అక్కకు ఏమీ కాదనిపించింది. పొద్దు గుంకకముందే వాళ్లు తిరిగొచ్చారు. దూరం నుంచి మనుషులు కనిపించారు, మంచం కనిపించింది, పాట మాత్రం వినపడలేదు. తాత మెడలో వీణ కూడా లేదు. దారిలో ఒకాయన కాలు జారితే, తాతే వీణను గట్టు మీద పడేసి మంచం కోడును తన భుజానికెత్తుకున్నాడట. తాండూరు ఇంకా దూరం ఉండగానే అక్క పోయింది, కడుపులో బిడ్డ కూడా పోయింది. పెద్దమ్మ ఏడుపు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, పొద్దుటి ముడి వదులై పుట్నాలు నేల మీద రాలాయి. వాటిని మా తాత వంగి ఒక్కొక్కటే ఏరాడు.

వీణ కింద పెట్టారు, ఇక ఊరికి ఏం మూడుతుందోనని కొందరు గొణిగారు. "దించుడు గిప్పుడు గాదురా, పొద్దుగాల్నే దించేదుండె" అన్నాడు తాత. ఆ తర్వాత చాన్నాళ్లు ఆయన గొంతు విప్పి పాడగా నేను వినలేదు.

మరుసటి ఏడు సప్తాహంలో ఆయన వీణ ముట్టలేదు. గుడి గుమ్మంలో పీట వేసుకుని, దేవుడికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. కొందరు అపచారమన్నా పీట తిప్పలేదు. మెట్ల దగ్గరికి ఎవరొచ్చినా "మొక్కనీకి వచ్చినవా, పనుండి వచ్చినవా?" అని అడిగేవాడు. పనుండి వచ్చేవాళ్లు ఎంతమందో మాకు అప్పుడే తెలిసింది. వానకు గోడ కూలిందని ఒకరు, మంచాన పడ్డ మనిషికి మందు తెచ్చే దిక్కు లేదని ఒకరు. వంతు అయిపోయిన భజనవాళ్లు తాళాలు పక్కన పెట్టి వాళ్ల వెంట పోయేవాళ్లు. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టుందని ఒకాయన దెప్పితే, "కాలినయి మన చేతులు గావు గదా" అన్నాడు తాత.

ఆ ఆఖరి రోజు పెద్దమ్మ వచ్చింది. తాత లేచి నిలబడ్డాడు. ఏడు రోజులుగా అందరినీ అడుగుతున్న మాట ఆమెను అడగలేదు. "ఏం గావాలె బిడ్డా?" అన్నాడు.

"ఇప్పుడేం గావాలె మామా? ఏమొద్దు" అందామె. కానీ వెళ్లిపోలేదు. ఆ మెట్టు మీదే కూర్చుని, ఆయనతో పాటు వీధి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. తాండూరులో ఉంటున్నాను. దౌల్తాబాద్ వైపు నుంచి, మోమిన్‌పేట్ నుంచి కూడా భజన మండళ్ల వాళ్లు మా తాత పేరు విని నా దగ్గరికి వస్తుంటారు. "అమ్మా, మేం గూడ జర సేవ జేద్దామనుకుంటున్నం. దుప్పట్లు పంచాల్నా, పండ్లు పంచాల్నా?" అని అడుగుతారు. పంచండి, ఫొటోలు కూడా దిగండి, నేనేం వద్దనను అంటాను. కానీ ముందు మీ గుమ్మంలో ఒక పీట వేసి వీధి వైపు తిప్పండి, దాని మీద ఓపికున్న మనిషిని కూర్చోబెట్టండి అని చెబుతాను. కొందరు ఇంతేనా అని నవ్వి పోయారు. కొందరు వేశారు.

గుడికి పోయినా నేను లోపలికి వెళ్లేది తక్కువ. చేతులు జోడించి నిలబడ్డ మనిషి కనపడితే నా కాళ్లు ఆగవు. దగ్గరికి పోయి, ఏమన్నా పనుండి వచ్చావా అమ్మా అని అడుగుతాను. ఊరికే మొక్కుకోవడానికే వచ్చామని చాలామంది విసుక్కుంటారు. విసుక్కుంటే విసుక్కోనీ. ఆ పొద్దున పెద్దమ్మను మాలో ఒక్కరు ఆ మాట అడిగి ఉంటే, అక్క కూతురికి నేను జడ వేసేదాన్నేమో.