సముద్రానికి తూమెత్తినది ఎవరు?

వాన కోసం ఆకాశం వైపు చూస్తూ పెరిగినవాళ్లం ఉద్యోగాల కోసం దేశం దాటిన ఆ తొలి రోజుల్లో, అక్కడి మేడలను చూసి అంతగా ఆశ్చర్యపోలేదు. నీళ్లను చూసి నోరు తెరిచాము. చిత్తూరు దగ్గరి మా ఊళ్లో మా నాయన బావిలోకి ముప్పై మెట్లు దిగి, వెదురు గడతో లోతు కొలిచి, పైకి వచ్చి, ఆ ఏడు వరి వేయాలో వేరుశనగ వేయాలో ఒక్క మాటలో తేల్చేవాడు. ఆ కొలతలను తేదీలవారీగా నోటుపుస్తకంలో రాయడం నా పని. చూసినది కొలవడం, కొలిచినది రాయడం అప్పటినుంచీ నాకు అలవాటైంది. ఆ అలవాటుతోనే కెనడా తూర్పు తీరానికి కొంత దూరంలోని ఒక చిన్న ఊరికి ఉద్యోగానికి వెళ్లాను.

ఇదంతా ఇప్పుడు రాయవలసి రావడానికి కారణం ఉంది. గత నెల కాణిపాకంలో జరిగిన మా చెల్లెలి మనుమరాలి పెళ్లిలో, రెండో బంతి భోజనాల దగ్గర, నా ఇల్లాలు మా పడవ ప్రయాణం కథ చెప్పింది. చెప్పడం కొత్త కాదు. తిరుపతిలో మా ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతుంది. ఈసారి మాత్రం కథలో ఒక పోలీసును ప్రవేశపెట్టింది. సముద్రం పోయిందని నేను ఆయనకు ఫిర్యాదు ఇచ్చానట, ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడట. (బంతిలో ఇద్దరికి పొలమారింది. పెళ్లికొడుకు తండ్రి నన్ను చూసి ఇప్పటికీ నవ్వు ఆపుకుంటున్నాడు.) ఆ ఉదంతంలో పోలీసు లేడు. ఆనాటి నోటుపుస్తకం నా ముందే ఉంది. జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

ఆమె నా మేనమామ కూతురు. అప్పటికి మా పెళ్లయి పది నెలలైంది, అందులో ఆరు నెలలు మంచు. ఒక ఆదివారం ఉదయం, పెనం మీద దోసె తిప్పుతూ, చాలా మామూలుగా అంది: “బావా, నేను ఊరికి పోతా. మళ్లీ రాను. రాసుకునేదానికి నీకు పుస్తకం ఉండాది, మాట్లాడేదానికి నాకు గోడలుండాయి. ఇంగ యాడ బతికేది?” నేను ఆందోళనపడ్డాను. ఆందోళనలో, కారణాలను ఒక్కొక్కటిగా చెప్పమనీ, రాసుకుంటాననీ అన్నాను. (అది తప్పని ఇప్పుడు తెలుసు.) ఆమె దోసె నా పళ్లెంలో వేసి లోపలికి వెళ్లిపోయింది. చివరకు ఒక ఒప్పందం కుదిరింది: వేసవిలో వారం రోజులు సముద్రం ఒడ్డున గడపాలి, ఆ తర్వాత కూడా మనసు మారకపోతే ఆమె ప్రయాణాన్ని నేను ఆపకూడదు. మొదటి మూడు రోజులూ నా పట్టిక ప్రకారమే నడిచాయి. మూడు రోజుల్లో ఆమె పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

నాలుగో రోజు పడవ. మేము దిగిన బస యజమానురాలు, వేసవిలో కూడా ఊలు టోపీ తీయని పెద్దావిడ, ఒక చిన్న మోటారు పడవనూ, రెండు లైఫ్ జాకెట్లనూ, ఒక అచ్చుకాగితాన్నీ ఇచ్చి, “దీన్ని తప్పకుండా చూడండి” అంది. నేను ఏ కాగితాన్నీ నిర్లక్ష్యం చేసే మనిషిని కాను. నాలుగు మూలలకూ జిగురు రాసి నోటుపుస్తకం చివరి పుటలో అతికించాను. (ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చదవడం సాయంత్రానికి వాయిదా వేశాను.) ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు అఖాతం నడుమ లంగరు వేసి, ముడులు వేసిన తాడును నీళ్లలోకి జారవిడిచి లోతు కొలిచాను. పదహారు అడుగులు. రాసుకున్నాను. పదకొండింటికి చిత్రాన్నమూ పెరుగన్నమూ తిన్నాము. ఆ తర్వాత ఇద్దరమూ నిద్రపోయాము. పెరుగన్నం తిన్న చిత్తూరు జిల్లా మనిషికి ఏ దేశమైనా ఒకటే.

పన్నెండున్నరకు పడవ ఒక పక్కకు ఒరిగి నా తల చెక్కకు కొట్టుకుంది. లేచి చూశాను. సముద్రం లేదు. చూపు ఆనినంత మేర ఎర్రటి బురద, దువ్వినట్టు పడుకున్న నాచు, నీళ్లలో ఉన్నాయని కూడా మాకు తెలియని ఇంతింత బండలు. మా పడవ నేల మీద, ఎవరో మరచిపోయిన చేటలా కూర్చుని ఉంది.

“బావా, నీళ్లు యాడికి పోయినాయి?”

“ఎవరో తూము ఎత్తినారు,” అన్నాను.

నవ్వేవాళ్లు నవ్వండి. మా చెరువులో నీళ్లు రాత్రికి రాత్రి తగ్గితే, కింది ఊరివాళ్లు దొంగతనంగా తూము ఎత్తినట్టే లెక్క. మా నాయన కర్ర పట్టుకొని కట్ట మీదికి పరుగెత్తడం ఎన్నిసార్లో చూశాను. ఆటుపోట్ల పాఠం బడిలో చదివిన మాట నిజమే. (నేను అతికించిన అచ్చుకాగితంలో ఉన్నవి ఆటుపోట్ల వేళలేనని ఆ సాయంత్రం చదివాక తెలిసింది.) కానీ మద్రాసు తీరంలో అది రెండు మూడు అడుగుల వ్యవహారం. కళ్ల ముందు ఒక అఖాతం మొత్తం మాయమైతే గుర్తుకు వచ్చేది పాఠం కాదు, కింది ఊరివాళ్లు.

“సముద్రానికి తూమేంది బావా?”

“లేకుంటే ఇన్ని నీళ్లు యాడికి పోతాయి? ఎవురు బాధ్యులో కనుక్కోవాల.”

అంతలో ఒక ముసలాయన బకెట్టూ, ముళ్ల పారా పట్టుకొని, బురదలో గుల్లలు తవ్వుకుంటూ అటుగా వచ్చాడు. (నా ఇల్లాలు చెప్పే పోలీసు ఈయనే. టోపీ కూడా లేదు.) నోటుపుస్తకం తెరిచి, ఆంగ్లంలో, పూర్తి మర్యాదతో అడిగాను: “అయ్యా, ఈ నీటికి బాధ్యులు ఎవరు?”

ఆయన బకెట్టు కింద పెట్టాడు. నన్ను చూశాడు, పుస్తకాన్ని చూశాడు, వేలు ఆకాశం వైపు చూపించాడు. “చంద్రుడు.”

“నేను మర్యాదగా అడుగుతున్నాను.”

“నేనూ మర్యాదగానే చెబుతున్నాను. సాయంత్రం ఆరు దాటాక సముద్రం తిరిగి వచ్చి మీ పడవను లేపుతుంది. పడవకు దూరంగా పోకండి. వచ్చేటప్పుడు ఎవరి కోసమూ ఆగదు.”

ఆయన వెళ్లాక పుస్తకంలో రాశాను: ‘బాధ్యుడు: చంద్రుడు. విచారించవలెను.’ నా భుజం మీదుగా చదివిన నా ఇల్లాలు ఒక్కసారిగా నవ్వడం మొదలుపెట్టింది. ఆ దేశంలో అడుగుపెట్టిన తర్వాత అదే మొదటిసారి. పడవ అంచు పట్టుకొని, బురదలో కూలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. “విచారించవలెనా? పైకి ఎవురిని పంపిస్తావబ్బా? సమన్లు రాయి బావా, పున్నమికి వచ్చి నిలబడతాడు!”

అక్కడినుంచి ఆమె నోరు మూతపడలేదు. మా అత్త గురించి, మంచు గురించి, నా గురించి (ఎక్కువ భాగం ఇదే), ఐదు గంటల దాకా మాట్లాడింది. తర్వాత లేచి, “సముద్రం అడుగు ఎట్లుంటాదో రోంత సూసొస్తా,” అని నడిచింది. పడవ దగ్గర బాధ్యత గల మనిషి ఒకరు ఉండాలని నేను ఆగిపోయాను. ఆమె చుక్కంత అయ్యాక దూరం నుంచి ఒక హోరు వినిపించింది.

అల కాదది. వెండి రేకులాంటి పలుచని నీరు, నురగను ముందుకు తోసుకుంటూ, ప్రతి గుంటనూ నింపి మరో గుంటలోకి దారి చేసుకుంటూ, అఖాతం మొత్తం వెడల్పున నడిచి వస్తోంది. ఆమె దానికి ఎదురుగా నిలబడిపోయింది. పిలిచాను, వినిపించలేదు. పుస్తకాన్ని పడవలో పారేసి పరుగెత్తాను. ఒక బూటును బురద మింగేసింది. నేను చేరేసరికి నీళ్లు ఆమె పాదాల మీదుగా పోతున్నాయి.

“సూడు బావా, ఎండిన చేనికి మడవ తిప్పినట్టు వస్తాండాది!”

చెయ్యి పట్టుకొని వెనక్కి పరుగెత్తాము. చీలమండల దాకా, పిక్కల దాకా, పడవ ఎక్కేసరికి మోకాళ్ల దాకా. కాసేపటికి పడవ ఒక్కసారి ఊగి, నేలను వదిలి పైకి లేచింది. బండలు ఒక్కొక్కటిగా మునిగిపోయాయి. ఇన్ని నీళ్లు ఎవరూ తోడకుండానే వచ్చాయి. వీటిలో ఎవరికీ వంతు లేదు, వీటి కోసం ఎవరూ ఎవరి మీదా కర్ర ఎత్తలేదు. పడవ ఎన్నింటికి తేలిందో నా పుస్తకంలో లేదు. ఆ పుట ఖాళీ.

ఒడ్డు దగ్గరపడుతుండగా, ధైర్యం చేసి అడిగాను: “ఊరికి ఎప్పుడు పోతావు?”

ఆమె నీళ్ల వైపు చూస్తూనే అంది: “పోతాలే. మా నాయనను పిలిపిచ్చి, ఆయప్పకు ఇది సూపిచ్చినంక పోతా. పుట్టినప్పటినుంచి ఇన్ని నీళ్లు సూసిన మనిషి కాదు.”

మా మామకు రావడానికి మూడేళ్లు పట్టింది. వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకొని, నీళ్లు వచ్చిన మొదటి క్షణం నుంచి అఖాతం నిండేదాకా ఆ ఒడ్డున నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆయన తిరిగి వెళ్లాక కూడా మేము ఆ ఊళ్లో ఎనిమిదేళ్లు ఉన్నాము.

ఆ సాయంత్రం ఆమె జవాబు వినగానే, ఒంటి బూటుతో కూర్చున్న ఆ యువకుడు అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె చూసింది. అతను మెల్లగా మూత బిగించి, పెన్నును మళ్లీ జేబులో పెట్టుకొని, పడవ ఒడ్డుకు తగిలేదాకా నీళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. వాడి మీద నాకు చెప్పలేనన్ని ఫిర్యాదులు ఉన్నాయి. ఆ మూత బిగించినందుకు మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా, వాడి వీపు తట్టాలనిపిస్తుంది.