రక్తం గడ్డకట్టేదాకా

మేముండేది ఐదో అంతస్తులో. అయినా పొద్దున్నే బూట్లు వేసుకునే ముందు రెండింటినీ తిరగేసి, గోడకేసి తట్టి, లోపలికి తొంగి చూసిగానీ కాలు పెట్టను. మొన్న మా అమ్మాయి అది చూసి, "పాము లిఫ్టెక్కి వస్తుందా నాన్నా?" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఇంకోసారి తట్టాను. ఈ అలవాటు చిన్నప్పటిది కాదు. ఉద్యోగం పోయి, అయినవాళ్ళ ఇళ్ళ వెంట తిరిగిన ఆ కార్తీకమాసంలో అంటుకుంది.

విజయవాడలో నేను పనిచేసే లారీ ఆఫీసు ఉన్నట్టుండి మూతబడింది. పెళ్ళైన కొత్తలో చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాను. నాకు ఇంకో పని రాదన్న సంగతి ఆ పని పోయాకే తెలిసింది. తెల్లారి లేస్తే వెళ్ళడానికి చోటు లేదు. ఫోను మోగితే గుండె జారేది, మోగకపోతే ఇంకా జారేది. పగలంతా మంచం మీద వెల్లకిలా పడుకుని పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ ఉండేవాణ్ణి. మా ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, "అలా ఫ్యాను వంక చూడకండి, నాకు భయమేస్తోంది. గుడివాడ వెళ్ళి వదినగారిని చూసి రండి. అట్నించి బందరు మావయ్యగారింటికి, తరవాత దివిసీమలో మీ స్నేహితుడి దగ్గరకి. నాలుగు చోట్లా తిరిగితే మనసు తేలికపడుతుంది," అని బ్యాగు సర్దింది. ఫ్యాను చూస్తే భయమెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

గుడివాడలో అక్క నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే పెసరట్లు పోయడం మొదలుపెట్టింది. నా ఉద్యోగం గురించి ఆ ఇంట్లో ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. బావగారైతే రోజూ పొద్దున్నే, "ఏమోయ్, ప్రయాణం బాగా జరిగిందా?" అనేవారు. వచ్చిన రోజుకి అది సరైన ప్రశ్నే. మర్నాడు, ఆ మర్నాడు కూడా అదే అడిగితే ఏం చెప్పను? బాగానే జరిగిందండీ అనేవాణ్ణి. స్నానాల గదిలో రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే చాలు, అక్క తలుపు తట్టి, "ఏరా, సబ్బుందా?" అనేది. సబ్బు ఉందని చెప్పినా అక్కడి నుంచి కదిలేది కాదు, గాజుల చప్పుడు వినపడుతూనే ఉండేది. ఓ పూట నేను పడుకునే గది తలుపు వేసుకోబోతే లోపలి గడియ లేదు. నాలుగు స్క్రూల చిల్లులు మాత్రం ఉన్నాయి. హాల్లోకి వచ్చి చూస్తే బావగారు పేపరు చదువుతున్నారు. చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవరు పిడి బయటికి కనపడుతోంది. "తుప్పు పట్టిందోయ్, మార్పిద్దామని," అన్నారు తలెత్తకుండా.

పామర్రు మీదుగా బందరు చేరాను. మావయ్య బస్టాండుకే వచ్చాడు. నేను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సిన వయసాయనది. దారిలో కనపడ్డవాళ్ళందరికీ, "మా మేనల్లుడు, సెలవు పెట్టి వచ్చాడు," అని అడక్కుండానే చెప్పాడు. సాయంత్రం మంగినపూడి వెళ్దామని నేనే అన్నాను. ఆయన ముఖం అదోలా అయింది. సరేనని ఆటో మాట్లాడాడు. సముద్రం ఆ రోజు బురద రంగులో, బరువుగా ఊగుతోంది. ప్యాంటు మడిచి నీళ్ళలోకి నడిచాను. అలలు మోకాళ్ళ దాకా వచ్చాయో లేదో, వెనక నుంచి నా ముంజేతిని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే మావయ్య. చెప్పులతో, పంచెతో సహా నీళ్ళలోకి దిగిపోయాడు.

"చాల్రా, ఇంక వెనక్కి రా. మీ అక్క ఫోన్ చేసింది. నిన్ను కనిపెట్టుకుని ఉండమంది," అన్నాడు.

అప్పుడు అర్థమైంది. ఫ్యాను, సబ్బు, గడియ, అన్నీ. వీళ్ళంతా నన్ను చూసి భయపడుతున్నారు. నేను ఏదైనా చేసుకుంటానని. నాకు అలాంటి ఆలోచన లేదు మావయ్యా అని చెప్పబోయి ఆగిపోయాను. నిజంగా లేదా? ఇంతమందికి కనపడింది నాకు కనపడకుండా నాలోనే ఎక్కడైనా ఉందేమో. ఆ క్షణం నుంచి ఉద్యోగం సంగతి పక్కకి పోయి, నన్ను చూసి నాకే భయం పట్టుకుంది.

స్నేహితుడి ఊరు అవనిగడ్డ దాటాక, నాగాయలంక రోడ్డు నుంచి లోపలికి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. వాడి నంబరు అక్క దగ్గర లేదు కాబట్టి వాడికి ఏ హెచ్చరికా అందలేదు. నా సంగతి విని, "పోతే పోయిందిలేరా. రేపు చేలో నీళ్ళు తియ్యాలి, కోతకొచ్చింది. తోడొత్తావా?" అన్నాడు. ఇల్లు వదిలాక నా ముఖాన ఉద్యోగం మాట ఎత్తిన మొదటి మనిషి వాడే.

పొద్దున్నే గట్టు మీద వాడు ముందు, నేను వెనక. నీళ్ళు బయటికి పోయే మడవ తియ్యడానికి వంగి, గడ్డిలో కాలు వేశాడు. కుక్కరు ఆవిరి వదిలినట్టు పెద్ద బుస. వాడు పార వదిలేసి, పాదం పట్టుకుని కూలబడ్డాడు. పొట్టిగా, లావుగా, ఒంటి నిండా గుండ్రటి మచ్చలతో రక్తపింజర నెమ్మదిగా గడ్డిలోకి జరిగిపోయింది. దానికేం తొందర లేదు. నేను కదల్లేకపోయాను. "చూత్తావేంట్రా, ఇంటికి తీసుకెళ్ళు!" అని వాడు అరిస్తే గానీ నా కాళ్ళు నావి కాలేదు.

ఇంటి దగ్గర జనం పోగయ్యారు. ఎవరో తువ్వాలుతో కాలు బిగించి కట్టారు. పక్క ఊళ్ళో మంత్రం వేసేవాడి దగ్గరకి తీసుకెళ్దామని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. నా స్నేహితుడి భార్య లోపలి నుంచి బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మంత్రాలు వద్దు, ఏం వద్దు. అన్నయ్యగారూ, బండి తియ్యండి. అవనిగడ్డ ఆసుపత్రికి పోనివ్వండి."

నేను బండి నడిపి ఏళ్ళయింది. అయినా తాళం పెట్టి తిప్పాను. వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఆవిడ వాటేసుకుని కూర్చుంది. ఒక పక్క కాలవ, ఎదురుగా ధాన్యం లారీలు. వాడి తల నా భుజం మీద వాలిపోతోంది. "ఒరేయ్, మాట్లాడరా!" అని అరుస్తున్నాను. "నువ్వు రోడ్డు చూడరా, కాలవలో పడేత్తావు," అన్నాడు నీరసంగా.

డాక్టరమ్మ ముందు ఆ కట్టు విప్పించింది. కాలు అప్పటికే వాచి, నల్లబడుతోంది. కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి బల్ల మీద నిలబెట్టింది. "ఇది గడ్డకట్టాలండీ. కట్టకపోతే విషం రక్తంలో కలిసినట్టే," అంది. వాడి భార్యా, నేనూ ఆ గొట్టం వంకే చూస్తూ నిలబడ్డాం. నా జీవితంలో దేన్నీ అంత సేపు, అంత భయంగా చూడలేదు. చివరికి ఆవిడ వచ్చి గొట్టం వంచింది. రక్తం నీళ్ళలా జారింది. వెంటనే విరుగుడు మందు సెలైన్లో ఎక్కించడం మొదలుపెట్టారు. వాడి చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. "బానే ఉందా?" అని కళ్ళతో అడిగాడు. బానే ఉందన్నాను.

అప్పుడే అక్క ఫోను. ఎక్కడున్నావురా అంది. "ఆసుపత్రిలో," అన్నాను.

అవతల గిన్నె కింద పడిన చప్పుడు. "ఏం చేసుకున్నావురా? చెప్పు, ఏం తాగావు?" అని గొంతు చించుకుని ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ నోటికి రాని మాట ఇప్పుడు బయటపడింది.

"నేను కాదక్కా, నా స్నేహితుడు. పాము కరిచింది. నేను బతికే ఉన్నాను. బతికే ఉంటానక్కా!" వరండాలో జనమంతా తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. ఆ మాట అక్కకి చెప్పానో, నాకు చెప్పుకున్నానో తెలియదు. గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను.

మందు ఎక్కిస్తూ, మళ్ళీ మళ్ళీ రక్తం తీసి చూశారు. పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ గొట్టాన్ని వంచితే, ఈసారి రక్తం జారలేదు. అడుగున ముద్దగా నిలబడింది. ఆవిడ ఇంకోసారి వంచి చూసి తలూపింది. వాడి భార్య కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద కూలబడింది. పొద్దుటి నుంచి ఆవిడ ఏడవడం అదే మొదటిసారి.

వాడు బతికాడు. పాదం మీద తోలంతా ఊడి, కొత్త తోలు రావడానికి చాలా నెలలు పట్టింది. ఇప్పటికీ చలికాలంలో కుంటుతాడు. వాడు ఇల్లు చేరేదాకా నేను అక్కడే ఉండి, కోత కోయించి, కుప్ప వేయించి వచ్చాను. సంక్రాంతి దాటాక ఒక చిన్న గోదాములో పని దొరికింది. మునుపటి కంటే తక్కువ ఉద్యోగమే. అయినా తెల్లారితే వెళ్ళడానికి చోటుంది. ఆ తరవాత ఏళ్ళు వచ్చాయి, వెళ్ళాయి. పిల్ల పెద్దదైంది, మావయ్య వెళ్ళిపోయాడు, ఏది ఏ సంవత్సరం జరిగిందో వేళ్ళు మడిచి చూసుకోవాల్సి వస్తోంది. భయపడుతూ బతికిన ఆ కొద్ది వారాలు మాత్రం, సుఖంగా గడిచిన ఇన్నేళ్ళ కంటే ఎక్కువ పొడుగ్గా ఉన్నట్టు అనిపిస్తాయి.