మంచం దాకా వెళ్తేగాని దొరకని లెక్క: దువ్వాడ నుంచి పరవాడ వైపు ఒక రోజు

విశాఖపట్నంలో జరిగిన ఒక సమావేశంలో వక్త ఒకాయన, మన వైపు తుంటి ఎముక విరిగేవాళ్లు తక్కువని చెప్పారు. ఎండ, చేపలు, రాగి అంబలి, ఒళ్లు వంచి చేసే పని ఇందుకు కారణాలన్నారు. చప్పట్లు పడ్డాయి. ఆ లెక్క ఎక్కడిదని అడిగితే, ఆసుపత్రుల్లో చేరినవాళ్లదని జవాబు వచ్చింది. నా పక్క కుర్చీలో కూర్చున్న డాక్టర్ సునంద నాకు మాత్రమే వినపడేలా, "అది ఆసుపత్రి గుమ్మం ఎక్కినవాళ్ల లెక్క. ఎక్కనివాళ్లను ఎవరు లెక్కపెట్టారు?" అన్నారు. ఆమె పరవాడ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ తిరిగి, యాభై దాటినవాళ్లలో ఎందరి తుంటి విరిగింది, ఎందరి ఎముకలు గుల్లబారే ప్రమాదం ఉంది అని అంచనా వేసే పనిలో ఉన్నారు. ఒక రోజు వెంట వస్తానన్నాను. గురువారం రమ్మన్నారు. సర్వే బృందాలతో ఊళ్లు తిరగాలనుకునే విద్యార్థులకూ విలేకరులకూ ఉపయోగపడుతుందని ఆ రోజు సంగతులు రాస్తున్నాను.

పొద్దున ఏడు దాటాక విశాఖలో ప్యాసింజరు ఎక్కితే ముప్పావుగంటలోపే దువ్వాడలో దిగొచ్చు. టికెట్టు ఖరీదు రెండు టీల కన్నా ఎక్కువ కాదు. రైలు కుదరకపోతే కూర్మన్నపాలెం దాకా సిటీ బస్సు, అక్కడి నుంచి లంకెలపాలెం మీదుగా పరవాడకు షేర్ ఆటో దొరుకుతాయి. నేను రైల్లోనే వెళ్లాను. స్టేషన్ బయట జీపు పక్కన సునంద, ఆమె దగ్గర పనిచేసే ఇద్దరు సర్వే అమ్మాయిలు, డ్రైవర్ సన్యాసిరావు ఉన్నారు. ముందు టిఫిన్ చేద్దామన్నారు.

స్టేషన్ దగ్గర హోటల్ నడిపే ఆవిడది భీమవరం దగ్గర ఊరు. భర్తకు ఉక్కు కర్మాగారంలో పని దొరికినప్పుడు ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయారట. పెసరట్టు తెచ్చేటప్పుడు ఆవిడ బల్ల అంచులు పట్టుకుని నడవడం సునంద చూశారు.

"మోకాళ్లా?"

"ఆయ్, మోకాళ్లేనండి. ఓ మాత్ర ఉందండి, అది పడితే పరుగెడతాను. పడకపోతే ఇదిగో, ఇలాగ."

మాత్ర చూపించమంటే కాగితం పొట్లం తెచ్చారు. మీద పేరు లేదు. వీధిలో వైద్యం చేసే ఒకాయన ఇస్తాడట, రెండేళ్లుగా వాడుతున్నారట. సునంద ఒక మాత్ర అడిగి తీసుకున్నారు. "ఒక్కసారిగా మానేయకండి. ఈ వారంలో ఆసుపత్రికి వచ్చి నాకు చూపించండి" అని ఎక్కడికి రావాలో రాసిచ్చారు. జీపెక్కాక చెప్పారు: అది స్టెరాయిడ్ కావచ్చు, ఏళ్ల తరబడి వాడితే ఎముక గుల్లబారుతుంది. ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నల్లో స్టెరాయిడ్ వాడకం కూడా ఒకటి. తాము మింగేదేమిటో తెలియనివాళ్లు ఆ ప్రశ్నకు లేదనే చెబుతారు.

సన్యాసిరావుది పెందుర్తి పక్క ఊరు. అతనికి ఈ ఉద్యోగం మీద ఒక ఫిర్యాదుంది. "డాక్టరమ్మగారికి ఇరిగిన కాల్లు కావాల సారూ. ఊల్లోకి ఎల్లగానే ఎవులు పడ్డారు, ఎప్పుడు పడ్డారు అని అడగడమే. మొన్నొకావిడ నన్ను తిట్టీసింది, పొద్దుట పూటే ఆ మాటలేటిరా అని."

"నిన్నెందుకు తిట్టింది? అడిగింది నేను కదా" అన్నారు సునంద.

"మిమ్మల్ని తిట్టలేరు కదేటి. బండి తోలీవోడు కనపడ్డాడు."

దారిలో సునంద లెక్క ఎలా కడతారో వివరించారు. ఒక ప్రాంతంలో యాభై దాటినవాళ్లు ఎందరున్నారో తెలియాలి, వాళ్లలో ఏడాదికి ఎందరికి తుంటి విరిగిందో తెలియాలి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే రేటు వస్తుంది. జనాభా లెక్క దొరుకుతుంది. విరిగినవాళ్ల లెక్కకు మాత్రం అందరూ ఆసుపత్రుల వైపే చూస్తారు. ఇక ముందు ముందు ఎవరికి విరగొచ్చో చెప్పడానికి వేరే ప్రశ్నలుంటాయి: వయసు, బరువు, ఎత్తు, ఇంతకుముందు చిన్న దెబ్బకే ఏదైనా ఎముక విరిగిందా, పొగాకు అలవాటు, మాత్రలు, తల్లికో తండ్రికో తుంటి విరిగిందా. చివరి ప్రశ్నకు ప్రాధాన్యం ఎక్కువ. కన్నవాళ్లకు విరిగి ఉంటే పిల్లలకు ప్రమాదం పెరుగుతుంది.

పరవాడ దాటి కొంత లోపలికి ఉన్న ఊరికి తొమ్మిదిన్నరకు చేరాం. విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు అక్కడి నుంచి కనిపిస్తాయి. మగవాళ్లలో చాలామంది మందుల కంపెనీల్లో షిఫ్టులకు వెళ్తారు. అమ్మాయిలిద్దరూ ఒక వరస, సునంద మరో వరస తీసుకున్నారు. నేను సునంద వెంట ఉన్నాను. మొదటి నాలుగైదు ఇళ్లలో చెప్పుకోదగ్గదేమీ లేదు.

ఆ తర్వాతి ఇంట్లో యాభై రెండేళ్ల నూకరత్నం అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. అత్తవారిది అనకాపల్లి, పుట్టింటికి వచ్చి వారమైందంది. బరువు చూశారు, ఎత్తు కొలిచారు. ప్రశ్నలన్నింటికీ చకచకా జవాబులు చెప్పింది.

"మీ అమ్మగారికి గానీ నాన్నగారికి గానీ తుంటి ఎముక విరిగిందా?"

"నేదమ్మా. మా అయ్య పోయీదాకా కర్ర ముట్టుకోనేదు. అమ్మకీ ఏటీ నేదు."

సునంద తరువాతి ప్రశ్న మొదలుపెట్టేలోగా లోపలి నుంచి ఒక గొంతు వినబడింది. "ఒలే రత్నం, ఈ పక్కకి తిప్పే. నడుం కాలిపోతన్నాది."

నూకరత్నం లేచింది. ఎవరని సునంద అడిగితే చెప్పింది. "మా అమ్మ పైడమ్మ. పది రోజుల నాడు నూతి గట్టు కాడ జారి పడిపోనాది. తుంటి పట్టీసింది. మా తమ్ముడి పెల్లాం మేనమావ కట్లు కడతాడు. రెండు మాట్లు లాగి కట్టినాడు. సాయంత్రం మల్లా వొస్తాడు."

చూడొచ్చా అని అడిగి సునంద లోపలికి వెళ్లారు. పైడమ్మకు డెబ్బై ఐదు పైనే ఉంటాయి. ఎడమ తొడకు పసుపు పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టారు. రెండు కాళ్లూ పక్కపక్కన చూస్తే నాకూ తేడా తెలిసింది. ఎడమ కాలు పొట్టిగా ఉంది, పాదం పూర్తిగా బయటికి తిరిగిపోయి ఉంది.

"మడమ పైకి ఎత్తగలవా అమ్మా?"

"ఎత్తగలిగితే నీకు టీ ఎట్టీసుందును." ఆవిడ సునందను ఎగాదిగా చూసింది. "నన్ను లెక్కలో రాసుకోడానికి వొచ్చినావా? రాసుకుంటే నా కాలు వొత్తాదేటి?"

"రాసుకుంటే రాదు. ఎక్స్‌రే తీయించాలి. విరిగిందని నా అనుమానం."

"పక్క ఈది కన్నమ్మ కూడా ఆపరేషన్‌కే ఎల్లింది. పెట్టెలో వొచ్చింది."

సునంద ఆ మాట కాదనలేదు. కన్నమ్మను ఎన్నాళ్లకు తీసుకెళ్లారని నూకరత్నాన్ని అడిగారు. పడ్డాక రెండు నెలలకు, వీపు మీద పుళ్లు పడి జ్వరం వచ్చాక అని చెప్పింది. సునంద మంచం పక్కన కింద కూర్చుని, ఆలస్యమైన కొద్దీ పుళ్లు, జ్వరం, నెమ్ము వస్తాయని, అసలు ప్రాణం తీసేవి అవేనని వివరించారు. పది రోజులు కూడా ఆలస్యమేనని, అయినా ఆపరేషన్ ఇంకా చేయించొచ్చని అన్నారు.

"సేయిస్తే నడుత్తానా?"

"మాటివ్వలేను. వాకర్ పట్టుకుని నిలబడే అవకాశం మాత్రం బాగానే ఉంది. ఇలాగే వదిలేస్తే ఆ అవకాశం కూడా ఉండదు."

"నడక ఎందుకూ నాకు. పెరట్లో దొడ్డికి నా అంతట నానెల్లి రావాల. పిల్ల సేత ఎత్తించుకోవడం నా వల్ల కాదు" అంది పైడమ్మ. నూకరత్నం తల పక్కకు తిప్పుకుంది.

ఇక కొడుకు అప్పలరాజు ఒప్పుకోవాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పక్క గదిలో పడుకున్నవాడిని లేపారు. తల్లిని తీసుకెళ్లడం అతనికి ఇష్టమే. ఇబ్బంది కట్లు కట్టే భార్య మేనమామతో. "ఆయన సాయంత్రం పనొగ్గీసి వొస్తాడు మేడమ్. మంచం ఖాళీగా ఉంటే ఆయన మొకం ఎలగ సూడాల? మా ఆవిడ నన్ను బతకనియ్యదు."

ఫోన్ చేయమన్నారు సునంద. అతను స్పీకర్ పెట్టి, "మావా, అమ్మకి ఫోటో తీయిద్దారని తీసుకెల్తన్నాం" అన్నాడు. ఇక్కడ ఎక్స్‌రేను ఫోటో అంటారు.

"ఫోటోయే కదేటి, తీయించు. తెచ్చి నాకు సూపించు. సూసి లాగుతాను."

"ఫోటో వరకే" అని అప్పలరాజు మా అందరికీ చెప్పాడు. సునంద సరేనన్నారు. మిగిలిన ఇళ్లు అమ్మాయిలకు అప్పజెప్పారు. వాళ్లు ఇద్దరే కాబట్టి ఆ రోజు వరస పూర్తి కాదని ఆమెకు తెలుసు.

అప్పలరాజు ఆటో పిలవబోతే సునంద ఆపి, అంబులెన్సుకు ఫోన్ చేయించారు. అది రావడానికి ముప్పావుగంట పట్టింది. సందులోకి రాలేక రోడ్డు మీదే ఆగింది. సన్యాసిరావు, అప్పలరాజు, మరో ఇద్దరు కలిసి ఆవిడను ఒక చెక్క బల్ల మీదికి చేర్చి, కాళ్ల మధ్య దిండు పెట్టి, తువ్వాళ్లతో కట్టి మోసుకెళ్లారు. "మెల్లిగా బావా, గుంట ఉంది" అని సన్యాసిరావు ముందున్న మనిషికి చెబుతుంటే, బల్ల మీది నుంచి పైడమ్మ, "గుంట ఉందని ఊరందరికీ తెలుసు. నువ్వు పడకుండా నడు" అంది.

మేము జీపులో వెనకే వెళ్లాం. లంకెలపాలెం జంక్షన్ నుంచి గాజువాక దాకా లారీల మధ్య నెమ్మదిగా సాగింది. నగరంలో ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఆ దారిలో మధ్యాహ్నం ప్రయాణమైతే గంటన్నర వేసుకోవడం మంచిది.

ఎక్స్‌రేలో అనుమానానికి తావులేదు. తొడ ఎముక తుంటిలో చేరేచోట, 'మెడ' అనే సన్నటి భాగంలో విరిగింది. అప్పలరాజు దాన్ని సెల్‌లో ఫోటో తీసి మామకు పంపబోతుంటే పైడమ్మ ముందు తనకు చూపించమంది. సునంద ఆ ఫిల్ము వెలుతురుకు ఎదురుగా పట్టుకుని బాగున్న తుంటినీ విరిగినదాన్నీ చూపించారు.

"ఇది నా ఎముకేనా?"

"నీదే."

"లాగితే అతుకుతాదేటి?"

"అతకదమ్మా."

"ఐతే ఇంక లాగడాలేటీ వొద్దు. కోయించండి." కొడుకు మామ పేరెత్తబోతే, "ఆడికి నాను సెప్తాను. కాలు నాది, ఆడిది కాదు" అంది.

చేర్పించే పని నడుస్తుండగా వరండాలో బెంచీ మీద నూకరత్నం సునంద పక్కకు జరిగింది. "పొద్దుట అడిగినారు కదమ్మా, అమ్మకి ఇరిగిందా అని. నాను నేదన్నాను. అవునని మార్చుకోండి." మళ్లీ తనే, "మరి నాకూ ఇలగే అవుతాదేటి?" అని అడిగింది. ప్రమాదం కొంచెం ఎక్కువని, తప్పక జరుగుతుందని మాత్రం కాదని సునంద చెప్పారు. ఎముక సాంద్రత పరీక్షకు ఎప్పుడు రావాలో, ఏం తినాలో, ఏ వ్యాయామం చేయాలో వివరించారు. నూకరత్నం ప్రతిదీ తిరిగి చెప్పి సరిచూసుకుంది.

సమావేశంలో విన్న అంకె మీద నాకున్న సందేహం ఆ బెంచీ దగ్గర స్పష్టమైంది. ఆ అంకె చెప్పినాయన అబద్ధం చెప్పలేదు. కాని పైడమ్మ ఆసుపత్రికి రాకపోయి ఉంటే విరిగినవాళ్ల లెక్కలో ఒకరు తగ్గేవారు, కూతురు చెప్పిన 'లేదు' వల్ల ఆమె ప్రమాదం కూడా తక్కువగా తేలేది. తల్లి విషయంలో విరిగిందని తేల్చని దెబ్బ కూతురి అంచనాను కూడా తప్పుగా చూపిస్తుంది. ఇలాంటివి ఎన్నో నాకు తెలియదు. సునందకు కూడా ఇంకా తెలియదు. ఒక్క ఊరు, ఒక్క రోజు చూసి ఏ రేటూ చెప్పలేం. ఆ లెక్క మంచం దగ్గరికి వెళ్లి అడిగితేనే వస్తుందని మాత్రం చెప్పగలను.

ఇలా వెళ్లేవాళ్లకూ, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకూ ఒక్క సూచన. పడ్డ మనిషి లేవలేకపోయినా, ఒక కాలు పొట్టిగా కనిపించినా, పాదం బయటికి తిరిగినా ఆటోలో కూర్చోబెట్టకండి, కాలు లాగించకండి. పడుకోబెట్టి, కాళ్ల మధ్య దిండు పెట్టి, అంబులెన్సులో అదే రోజు ఎక్స్‌రేకు తీసుకెళ్లండి.

ఇది బ్లాగులో పెట్టేముందు నూకరత్నానికి ఫోన్ చేశాను. ఆపరేషన్ అయి నెల దాటింది. మామ ఇంకా అప్పలరాజుతో మాట్లాడటం లేదట. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"నిన్న వాకర్ అట్టుకుని పెరట్లోకి ఎల్లింది సారూ. పడిపోతాదేమోనని నానూ ఎనకాల ఎల్లినాను. నన్ను బయటే నిలబెట్టి తలుపేసీసుకున్నాది."